అందరి ముక్కుల కిందా ఒకే ఎండుచేప

నేను చచ్చి బతికినవాణ్ణి. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలంలో, పట్నంలోని ఒక సర్కారు దవాఖానలో, నా ఊపిరి ఆగిపోయిందని ముఖం మీద తెల్లగుడ్డ కప్పారు. కాసేపటికి నేను గుడ్డ తీసి, లేచి కూర్చుని, చాయ్ ఉందా అని అడిగాను. నర్సమ్మ బిత్తరపోయి వెల్లకిలా పడింది. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గరి హోటల్లో ఈ సంగతి విననివాళ్లు లేరు.

అబద్ధం. గుడ్డ కప్పిన మాట నిజమే. ఈగలు ముసురుతుంటే నేనే కప్పుకున్నాను. చాయ్ అడిగిన మాటా నిజమే. నర్సమ్మ మాత్రం పడలేదు. "ఇది హోటల్ గాదు తాతా" అని తన పని తను చూసుకుంది.

నా పద్ధతి ముందే తెలిస్తే చదివేవాళ్లకు మంచిది. నేను ముందు ఊదుతాను, తరువాత గాలి తీస్తాను. ఇన్నాళ్లూ ఊదడమే ఎక్కువ చేశాను. ఇది గాలి తీయడానికి రాస్తున్నది.

నేను రాస్తున్న చోటికి పక్క గదిలోంచి నా భార్య బాలమణి ఊపిరి వినిపిస్తోంది. ఇదివరకు వినిపించేది కాదు. మనిషి ఊపిరి పక్క గది దాకా వినపడకూడదు.

మొదటి ఏడు

మాది చేపల మీద బతికిన ఇల్లు. చెరువులో నీళ్లున్న ఏడు వల, లేని ఏడు ఐసు పెట్టెల్లో లారీ మీద వచ్చే చేప. ఏదైనా సరే, పొద్దున నా ముక్కు దాటాకే జనం సంచుల్లోకి పోవాలి. లారీవాళ్లు నిన్నటి చేపను ఇవాళ్టి చేపలో కలుపుతారు. కన్ను చూస్తే తెలుస్తుంది, మొప్ప ఎత్తితే తెలుస్తుంది అంటారు గానీ, మొప్పకు రంగు పూసే ఘనులు కూడా ఉన్నారు. వాసనకు పూసే రంగు ఇంకా రాలేదు. నేను మొప్ప ఎత్తి ఒక్కసారి పీల్చి, ఇది ఇటు, అది అటు అనేవాణ్ణి. బేరగాళ్లు నోరెత్తేవాళ్లు కాదు. అందుకే నా పేరు ముక్కు మల్లయ్య. యాచారం వైపు నుంచి గాలి వీస్తే అక్కడ ఎవరింట్లో ఏ చేప ఉడుకుతోందో నేను ఇక్కణ్ణుంచే చెప్పగలనని కూడా అంటారు. అన్నది నేనే.

లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా వాడకట్టు రెండు కొసల్లోనూ ముళ్లకంప వేశాం. వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. పని పోయి నడుచుకుంటూ వచ్చిన సొంతవాళ్లను కూడా కంప అవతలే నిలబెట్టి, ఏ ఊరి నుంచి వస్తున్నావని అడిగాం. ఒక ఆడమనిషి దాహమంటే కంప మీది నుంచి నీళ్లు పోశాం, దోసిట్లోకి. సగం ముళ్ల మీద పడ్డాయి. మేం మళ్లీ పోయలేదు.

పగలంతా టీవీ. మూతికి గుడ్డ అందరికీ అక్కర్లేదన్నారు, తరువాత గుడ్డ లేకుండా గడప దాటొద్దన్నారు. ముట్టుకుంటే వస్తుందన్నారు, కూరగాయల్ని ఉప్పునీళ్లలో కడిగించారు, తరువాత గాలిలో వస్తుందన్నారు. కొత్త జబ్బు గనక వాళ్లకూ కొంచెం కొంచెంగా తెలుస్తోందని, తెలిసింది తెలిసినట్టు చెప్తున్నారని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాకు కనపడింది ఒక్కటే, మాట మారుస్తున్నారని. చేపల బేరంలో మాట మార్చేవాణ్ణి ఎవరూ నమ్మరు. నేనైతే ఒకసారి అన్నమాట ఎన్నడూ మార్చలేదు. అది గొప్ప గుణమని నేనూ అనుకున్నాను, జనమూ అనుకున్నారు.

బాలమణికి ఎప్పటి నుంచో షుగరు, దాని మీద ఆయాసం. వానలు పడ్డాక, మందులకని సర్కారు దవాఖానకు తీసుకెళ్తే, డాక్టరు ఆమెతో కాకుండా నాతో అన్నాడు: "ఈమెకు వస్తే తట్టుకోవడం కష్టం. మీరు బయట తిరిగే మనిషి. ఏ కొంచెం అనుమానం వచ్చినా ఈమెకు దూరంగా ఉండండి. వాసన తెలియకపోవడం కూడా ఒక గుర్తే."

తిరిగి వచ్చేటప్పుడు మా కొడుకు శ్రీశైలం ఆటో నడుపుతున్నాడు. వెనక మేమిద్దరం.

"ఇన్నవా?" అంది బాలమణి.

"ఇన్న."

"పొద్దున లేస్తే పదిమందిల తిరుగుతవ్. తిరగకుమంటె ఇనవ్. ఒక్కటే అడుగుత. నీకు వాసన పోయిన దినం నాకు జెప్పు. నేను వేరే అర్రల ఉంట. గంతే."

"పెద్దమ్మతల్లి మీద ఒట్టు."

"తల్లి మీద పెట్టకు. నీ ఒట్లు మోసి మోసి ఆమె అలిసింది. ఉత్తగ జెప్పు."

"జెప్త."

శ్రీశైలం అద్దంలోంచి నన్ను చూశాడు.

రెండో ఏడు, ఎండలు ముదిరాక

రెండోసారి వచ్చినప్పుడు ముళ్లకంప వేసే తీరిక కూడా దొరకలేదు. దవాఖాన ముందు పరీక్షకు లైను. పొద్దున్నే పోయి చెప్పులు వరసలో పెట్టి, చెట్టు నీడకు పోయి కూర్చునేవాళ్లు. మధ్యాహ్నానికి ఇవాళ్టికి కిట్లు అయిపోయాయి అనేవాళ్లు. మంచిగా ఉన్నవాడు కూడా లైన్లో అంటించుకుని వస్తాడని పుకారు. అది పూర్తిగా పుకారేమీ కాదు.

నా దోస్తు జంగయ్య, నాతోపాటు వల లాగినవాడు, నన్ను ఎత్తడంలోనూ దించడంలోనూ వాడిదే ముందు చెయ్యి, ఒకరోజు మా అరుగు మీద కూర్చుని అన్నాడు: "వాసన పోతే కరోనా అంటున్నరు గద. మరి గా పుల్లలు ముక్కుల పెట్టి తిప్పుడెందుకే? మన మల్లన్న ఉండె. ఎండుచేప ఉండె."

ఎగతాళికే అన్నాడు. నాకు ఎక్కింది.

అంగడిలో అమ్మే ఎండుచేపల్లో అన్నింటికన్నా కంపు కొట్టేది ఒకటి ఎంచి, దారం కట్టి అరుగు పైన రేకుల చూరుకు వేలాడదీశాను. వచ్చినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, కళ్లకు తువ్వాల కట్టేవాణ్ణి. ఒకసారి ఉత్త పిడికిలి, ఒకసారి ఉల్లిగడ్డ, ఒకసారి చేప ముక్కు కింద పెట్టేవాణ్ణి. సరిగ్గా చెప్తే భుజం తట్టి, "నీకేం లేదు, పో" అనేవాణ్ణి. చెప్పలేకపోతే, "దవాఖానకు నడు" అనేవాణ్ణి. మహేశ్వరం నుంచి, కోహెడ నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చారని హోటల్లో చెప్తుంటాను. రాలేదు. మా వాడకట్టు, పక్క వాడకట్టు, అంతే. కానీ వాళ్లందరూ వచ్చారు.

ఎందుకు వచ్చారంటే, ఒక మాట డాక్టర్లకు కూడా చెప్పాలి. ఒకరోజు ఒక కుర్ర డాక్టరు సర్కారు బండిలో మా వీధిలోకి వచ్చాడు. దిగలేదు. అద్దం సగం దించి, వేలాడుతున్న చేపను చూసి నవ్వి, "దీన్ని ఏ కాలేజీలో చదివించారు?" అన్నాడు. అద్దం ఎక్కించుకుని పోయాడు. వాడు చెప్పాల్సిన సంగతి ఉంది. వాసన పోతే జబ్బని అనుమానించాలి గానీ, వాసన ఉన్నంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. ఆ ఒక్కమాట దిగి చెప్పి ఉంటే, అప్పుడు నేను వినకపోయినా అరుగు మీద ఎవడో ఒకడు విని ఉండేవాడు. వాడు నవ్వాడు, నేను భుజం తట్టాను. జనం నా దగ్గరికి వచ్చారు.

బాలమణి గడపలో మూతికి కొంగు కట్టుకుని, దూరం నుంచి ఇదంతా చూసేది.

"గా చేపను కడుగుతున్నవా?" అని అడిగింది ఒకనాడు.

"కడిగితే వాసన పోతది గదనే."

"ఒక్కటే చేప అందరి ముక్కులకు."

"చేపకు కరోనా రాదే, పిచ్చిదానా."

అరుగు మీది జనం నవ్వారు. జంగయ్య అందరికన్నా ఎక్కువ నవ్వాడు. బాలమణి లోపలికి పోయింది. కరోనా టీకా సూది వేయించుకుందామని కూడా ఆ రోజుల్లోనే ఆమె అడిగింది. ముందు నలుగురు వేసుకోనీ, వాళ్లేమవుతారో చూద్దాం అన్నాను. ఆ నలుగురూ వేసుకున్నారు. వాళ్లు ఇప్పటికీ హోటల్లో నా పక్కనే కూర్చుంటారు.

జంగయ్యకు జ్వరం వచ్చింది. వచ్చి అరుగు మీద కూర్చుని, తనే తువ్వాల కట్టుకున్నాడు.

"ఎండుచేప," అన్నాడు. "ఉల్లిగడ్డ." ఉత్త పిడికిలి పెట్టాను. "గిది నీ చెయ్యి. తానం చేసి ఎన్ని దినాలాయెనే?"

అందరం నవ్వాం. "నీకేం లేదు, ఎండదెబ్బ. మజ్జిగ తాగు, పో" అన్నాను.

పోయాడు, మజ్జిగ తాగాడు. ఊపిరి అందక నోరు తెరిచేదాకా ఇంట్లోనే ఉన్నాడు. శ్రీశైలం ఆటోలో పట్నం తీసుకెళ్తుంటే, దవాఖాన గేటు కనపడే చోట ఒరిగిపోయాడు. వాణ్ణి ఇంటికి తేనివ్వలేదు. ప్లాస్టిక్ బట్టలు తొడుక్కున్నవాళ్లు పెట్టెను ఎత్తినట్టు ఎత్తుకుపోయారు. జంగయ్య భార్య దూరంగా తాడు ఇవతల నిలబడి, మూటలో తల ఎటు ఉందో చెప్పమని వాళ్లను అడిగింది. ఎవరూ చెప్పలేదు. ఇదంతా శ్రీశైలం చూసి వచ్చి మాతో చెప్పాడు.

జంగయ్య దేంతో పోయాడని వాడకట్టులో అడిగితే, గుండె ఆగింది అన్నాను. అబద్ధం కాదు. చచ్చినవాళ్లందరికీ గుండె ఆగుతుంది.

చేపను మాత్రం చూరు నుంచి తీయలేదు.

నా వంతు

ఆ తరువాత కొద్ది రోజులకే ఒక పొద్దున, లారీ దగ్గర బొచ్చె చేప మొప్ప ఎత్తి పీల్చాను. ఏమీ లేదు. ఇంకొకటి ఎత్తాను. ఐసు చల్లదనం ముక్కుకు తగిలింది గానీ దానితో పాటు రావాల్సింది రాలేదు. లోకం మీద ఎవరో మూత పెట్టినట్టు ఉంది. పొగాకు నలిపి చూశాను. నా తువ్వాల చూశాను. లారీ డీజిలు చూశాను.

బేరగాళ్లు నా వైపే చూస్తున్నారు. "ఇది ఇటు, అది అటు" అన్నాను. కన్ను చూసి, వేలితో నొక్కి, అందాజుగా అన్నాను. ఎవరూ కనిపెట్టలేదు.

ఇంటికి పోయి బాలమణికి ఒక్కమాట చెప్పాలి. అంతకుమించి ఆమె నా దగ్గర ఏ మాటా తీసుకోలేదు. చెప్పడానికి గడప దాకా వచ్చాను. చూరుకు చేప ఊగుతోంది. ముక్కు మల్లయ్యకు ముక్కు పోయిందంటే, మరి జంగయ్యకు ఎట్లా చూసినవ్ అంటారు. ఆ ప్రశ్న నాకు వినపడింది. జ్వరం కన్నా అది ముందు తగిలింది. లోపలికి పోయి, "అన్నం పెట్టు" అన్నాను.

ఆమెకు చెప్పకపోయినా దూరం మాత్రం పాటించానని, ఉక్కగా ఉందని వంక పెట్టి డాబా మీద పడుకున్నానని నేను చాలామందితో చెప్పాను. డాబా ఎక్కిన మాట నిజం. దోమలు కుట్టాయి. దిగి వచ్చి ఆమె పక్కనే పడుకున్నాను.

మరుసటి రోజుల్లో ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి, పని ఎక్కువైందన్నాను. దగ్గు వచ్చింది, బీడీ అన్నాను. బాలమణి నన్ను చూస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం పీట వేసి, గిన్నెలో చేపల పులుసు పెట్టి, తను వాకిలి దగ్గర నిలబడింది. శ్రీశైలం ఆటో ఆపి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

అన్నంలో కలుపుకున్నాను. పులుపు నాలుకకు కొంచెం తగిలింది, కారం మంట తెలిసింది. మిగతాదంతా తడి మట్టి నమిలినట్టు ఉంది.

"ఎట్లున్నది?" అంది.

"మస్తు గుదిరిందే ఇయ్యాల."

"మెంతులు ఎక్కువైనయేమో."

"లే లే. గుమగుమ అంటున్నది. వాడకట్టంత వాసన."

"ఇంక రెండు ముక్కలు ఏసుకో."

వేసుకున్నాను. ఎముక కూడా జుర్రాను. గిన్నె ఊడ్చేదాకా ఆమె ఆగింది.

"గది మొన్న తెచ్చిన చేప," అంది. "ఎండల పెట్టి వండిన. నిన్న కుక్కకేస్తె కుక్క ముట్టలే. శ్రీశైలం వాకిట్లకు రాంగనే ముక్కు మూసుకున్నడు."

శ్రీశైలం వైపు చూశాను. వాడు ఇంకా ముక్కు మూసుకునే ఉన్నాడు.

"ఎన్ని దినాలాయె?" అంది బాలమణి.

నేను చెయ్యి కడుక్కున్నాను.

"నేను నిన్ను ఏమడిగిన? బంగారం అడిగిన్నా? ఒక్క మాట అడిగిన."

"జెప్దామనే అనుకున్న..."

"బాపు, ఇగ సప్పుడు జెయ్యకు," అన్నాడు శ్రీశైలం.

అప్పుడు బాలమణి దగ్గింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోపల్లోపల దగ్గింది. అది ఆ రోజు దగ్గు కాదు. అంతకుముందే మొదలైన దగ్గు. నేను వినలేదు. నా దగ్గు దాచుకునే పనిలో ఉన్నాను.

ఆ చేప నా కడుపులో చేసిన అల్లరి ఇక్కడ రాయను. ఆ సాయంత్రమంతా నేను దొడ్లో ఉంటే, బాలమణి తన బట్టలు సంచిలో సర్దుకుంది.

దవాఖాన

ఇద్దరికీ ఉందని పరీక్షలో తేలింది. వాడకట్టు మొత్తం తలుపులు వేసుకుంది. పక్కింటి యాదమ్మ, రోజూ మా గోడ మీది నుంచి కూర అడిగి తీసుకునే మనిషి, మేం ఆటో ఎక్కుతుంటే మా అరుగు మీద బకెట్టుతో బ్లీచింగు నీళ్లు కుమ్మరించింది. పొడవాటి కట్టెతో చూరు నుంచి చేపను తెంపి, మురుగుకాలువలోకి తోసింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను తల తిప్పి చూడలేదు.

పట్నంలో పెద్ద దవాఖాన. పడకలు లేవన్నారు, ఖాళీ అయ్యేదాకా హాల్లో కూర్చోమన్నారు. మనిషికీ మనిషికీ మధ్య ఒక కుర్చీ వదలాలని, వదలాల్సిన కుర్చీల మీద ఎర్రరంగుతో ఇంటు గుర్తు వేశారు. ఇంటు గుర్తు మీద కూడా మనుషులే. పైన ఫ్యాను తిరుగుతోంది, కింద మాత్రం గాలి లేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరి ముఖాలూ అటు తిరిగేవి. లోపల ఎవరో పోతేనే బయట ఎవరికో పడక. ఆ లెక్క అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. లోపలి నుంచి ఏడుపు వినపడితే మేమంతా కొంచెం సర్దుకుని కూర్చునేవాళ్లం. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అప్పుడు సిగ్గు పడలేదు.

మహేశ్వరం దగ్గరి నుంచి వచ్చిన ఒక ఆడమనిషి తన భర్తను గోడకు ఆనించి కూర్చోబెట్టుకుని ఉంది. బాలమణి ముందుకు ఒరిగిపోతుంటే చూసి, తను లేచి, గోడ పక్కన చోటిచ్చింది.

"ఆనుకో అక్క. గోడ సల్లగుంది," అంది.

నాకు ఏదో ఒకటి చేయాలనిపించింది. నాకు చేతనైంది ఒక్కటే. "ఏం ఫికర్ జెయ్యకు బిడ్డ," అన్నాను. "మా ఊరోడు ఒకడు ఇంతకన్న ఎక్కువై వచ్చిండు. వారం తిరగకముందే వల లాగిండు. జంగయ్యని పేరు."

బాలమణి గోడకు ఆనుకునే కళ్లు తెరిచింది. మాట రావడానికి చాలాసేపు పట్టింది. "గా పిల్లకైన అబద్ధం జెప్పకు," అంది.

ఆ ఆడమనిషి మా ఇద్దరి వైపూ చూసి, తన భర్త వైపు తిరిగింది. ఆ మరునాడు ఆమె భర్తను లోపలికి తీసుకెళ్లారు. సాయంత్రం ఆమె ఒక్కతే బయటకు వచ్చింది. సంచి తీసుకుంటూ, అందులోని బిస్కెట్ల పొట్లం బాలమణి ఒళ్లో పెట్టి, ఎటో పోయింది. మాకు పేరు కూడా తెలియదు.

ఇక పడక సంగతి. ఒకే పడక ఖాళీ అయిందని, అప్పుడు నేను, "నాకొద్దు, మా ఆడమనిషికి ఇవ్వండి" అని చేతులు జోడించానని, నర్సమ్మ కన్నీళ్లు పెట్టుకుందని చెప్పి నేను ఎంతమందిని ఏడిపించానో లెక్కలేదు. మా చుట్టాల్లో ఒకావిడ ఆ మాట విని నా కాళ్లకు మొక్కింది కూడా.

జరిగింది ఇది. నర్సమ్మ వేలికి తొడిగే మిషను పట్టుకుని వచ్చి, "ఇక్కడ ఎవరికి ఎక్కువుంది?" అంది. నేను నా వేలు చాపాను. బాలమణి కన్నా ముందు చాపాను. నర్సమ్మ మిషను తొడిగి, చూసి, తీసేసింది. "నీకేం గాలేదు తాతా, జరుగు," అంది. నన్ను చేత్తో పక్కకు నెట్టి, బాలమణి వేలికి తొడిగి, ఒక్కసారి చూసి, చక్రాల మంచం కోసం అరిచింది.

బాలమణి ఇదంతా చూసింది. లోపలికి తోసుకుపోతుంటే నా వైపు తల తిప్పింది. నేను చాపిన వేలు ఇంకా అట్లాగే ఉంది.

తరువాత

ఆమె బతికింది. డాక్టర్లు బతికించారు. టీవీలో మాట మార్చినవాళ్లే, మందు పనిచేయకపోతే మందు మార్చి, పడుకోబెట్టిన తీరు మార్చి, బోర్లా తిప్పి, బతికించారు. పొద్దున ఇచ్చిన మందును సాయంత్రం ఆపేస్తుంటే, బయట నిలబడి నేను దండం పెట్టుకున్నాను, మార్చండి, ఇంకా మార్చండి అని.

ఇంటికి వచ్చాక చాలాకాలం ఆక్సిజన్ మిషను మంచం పక్కన గురగురలాడింది. తరువాత అది పోయింది, గురగుర ఆమెలో మిగిలింది. నాలుగు మెట్లు ఎక్కలేదు. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంది.

వాసన నాకు తిరిగి వచ్చింది. మొదటి వాన పడ్డప్పుడు మట్టి వాసనగా వచ్చిందని చెప్తే వినేవాళ్లకు బాగుంటుంది, అట్లాగే చెప్తుంటాను. నిజానికి యాదమ్మ చేపను తోసిన మురుగుకాలువ వాసనగా వచ్చింది. గట్టు మీద కూర్చుని ఆ కంపును కడుపునిండా పీల్చాను.

బాలమణికి రాలేదు. వస్తుందేమో అన్నారు, చూద్దామన్నారు, ఏళ్లు గడిచాయి. పోపు మాడినా తెలియదు, పాలు పులిసినా తెలియదు. తిండి రుచి కూడా సగం పోయింది. ఇద్దరిలో ఒకరికే ఇస్తానని దేవుడంటే ఆ ముక్కును ఆమెకే ఇచ్చేవాణ్ణి అని రాయబోయాను. వేలు సంగతి రాశాక ఆ మాట రాయడం బాగుండదు.

జంగయ్య భార్య ఎదురుపడితే కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. చేపల వాసనకని కొత్తవాళ్లు అనుకుంటారు.

ఇప్పుడు ఎప్పుడైనా టీవీలో ఏదో కొత్త జ్వరం పేరు వినపడితే, హోటల్లో కుర్రవాళ్లు నన్ను కదిలిస్తారు. "ముక్కు తాతా, ఏమంటవ్? ఎండుచేప దియ్యాల్నా?"

"దవాఖానకు పోయి పరీక్ష చేపిచ్చుకోండ్రి," అంటాను. "సూది ఏస్తమంటె ఏపిచ్చుకోండ్రి."

వాళ్లు పగలబడి నవ్వుతారు. తరువాత ఏమైందో చెప్పమని చాయ్ ఇప్పిస్తారు. నేను చెప్పే కథల్లో ఇదొక్కటే ఎవరూ నమ్మని కథ.

ఇంట్లో ఇప్పుడు ముక్కు పని నేనే చేయాలి, న్యాయంగా. మొదట్లో బాలమణి పాలగిన్నె తెచ్చి నా ముందు పెట్టేది. నేను వాసన చూసి, మంచిగున్నయ్ అనేవాణ్ణి. ఆమె గిన్నె తీసుకుని, మెల్లగా, ఊపిరి ఆపుకుంటూ దొడ్డి గోడ దాకా నడిచి, "యాదమ్మా, జర జూడు" అని అందించేది. మా అరుగు మీద బ్లీచింగు పోసిన యాదమ్మే. యాదమ్మ వాసన చూసి, "మంచిగనే ఉన్నయక్క" అంటే అప్పుడు పొయ్యి మీద పెట్టేది. కొన్నాళ్లకు నాకు చూపించడం మానేసి, తిన్నగా గోడ దగ్గరికే పోసాగింది. దారిలో నేను కూర్చుని ఉంటాను. గిన్నె నా ముక్కు ముందు నుంచే పోతుంది.

పోయిన వారం యాదమ్మ చుట్టాల పెండ్లికని మహేశ్వరం పోయింది. ముందురోజు వండిన చేపల పులుసు మిగిలి ఉంది. బాలమణి గోడ దాకా పోయి, పిలిచి, పలుకు రాక తిరిగి వచ్చింది. కాసేపు గిన్నె పట్టుకుని నిలబడి, నా ముందు పెట్టింది.

మూత తీయకముందే తెలిసింది నాకు. "చెడిపోయింది," అన్నాను. "పారెయ్యి."

"నిన్ననే వండిన. పులుసు పెట్టిన చేప గింతల చెడుతదా?"

"చెడింది బాలమణి. నా మాట ఇను."

ఆమె నా ముఖంలోకి చూసింది. లోపలికి పోయి పళ్లెం తెచ్చింది. అన్నం పెట్టింది. పైన పులుసు పోసి, ఒక ముక్క వేసి, నా ముందుకు జరిపి, ఎదురుగా పీట మీద కూర్చుంది.

"తిను," అంది.

కలుపుకున్నాను. ముద్ద నోటి దగ్గరికి తెచ్చేసరికే కళ్లలో నీళ్లు తిరిగాయి. పెట్టుకున్నాను. నమిలాను. ఆమె నా ముఖం మీద నుంచి కళ్లు తీయలేదు. మింగలేకపోయాను. లేచి దొడ్లోకి పరుగెత్తి, గోడ పట్టుకుని ఉమ్మేశాను.

తిరిగి వచ్చేసరికి ఆమె పులుసు గిన్నె ఎత్తుకుని మురుగుకాలువ వైపు పోతోంది. రెండు అడుగులకు ఒకసారి ఆగుతోంది. సాయం పట్టబోతే గిన్నె అటు తిప్పుకుంది.

"జెప్పిన గద," అన్నాను.

"నువ్వు జెప్పినవ్," అంది. ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నేను జూసిన."